పెరిగిపోయిన పొదలకు పెద్ద కత్తెర ఎప్పుడు పెట్టాలి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. గుంటూరు బ్రాడీపేటలో మీ అమ్మగారి ఇల్లు నాలుగేళ్లు తాళం వేసి ఉంది. ప్రహరీ గోడ వెంట మూడు ముద్దమందారాలు, రెండు నందివర్ధనాలు, ఒక నూరువరహాల పొద, గేటు పక్కన పసుపుపచ్చ డ్యురాంటా కంచె ఉన్నాయి. అన్నీ ఎనిమిది అడుగులు దాటి పెరిగిపోయాయి. మే నెలాఖరులో రెండు పొడుగాటి పిడులున్న పెద్ద కత్తెర కొని రెండు రోజులు కత్తిరించారు. అరచేతులు బొబ్బలెక్కాయి. మందారం కొమ్మలు తెగకుండా నలిగి చీలిపోయాయి. పైన ఆకంతా పోయి పుల్లలు మిగిలాయి. కత్తెర మంచిది కాదా, నాకు చేతకాలేదా, అమ్మ పెంచిన మొక్కలు ఇక బతకవా అని మూడు ప్రశ్నలు వేశారు.

మూడో దానికి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మిగతా రెండూ దాని తర్వాతివే. బతుకుతాయి. అనుమానం ఉంటే ఈ సాయంత్రమే ఒక పని చేయండి. పుల్లలా మిగిలిన కొమ్మ మీద బొటనవేలి గోటితో పైతోలు కొద్దిగా గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే ఆ కొమ్మ బతికి ఉన్నట్టే. గోధుమరంగులో పొడిగా ఉంటే ఇంకో జానెడు కిందికి వెళ్లి మళ్లీ గీకండి. పచ్చదనం ఎక్కడ మొదలైతే అక్కడి నుంచి మొక్క మీదే. మందారం, నందివర్ధనం, డ్యురాంటా మూడూ ముదురు కొమ్మ నుంచి కూడా చిగురు వేసే జాతులు. నూరువరహాలు కాస్త నెమ్మది, అంతే.

విజయవాడలో కొన్ని ఇళ్ల తోటలు, ఒక కళాశాల ఆవరణ 27 ఏళ్లుగా నా చేతి మీదుగా నడుస్తున్నాయి. ఇన్నేళ్లలో పెద్ద కత్తెర వల్ల పాడైన పొదలు ఎన్ని చూశానో, అది లేనందువల్ల పాడైన పొదను ఒక్కటీ చూడలేదు. మీ కత్తెర మంచిదే. మీ చేతుల్లోనూ లోపం లేదు. ఆ కత్తెర చేయాల్సిన పని వేరు, మీరు దానితో చేయించిన పని వేరు. పొదకు ఒక ఆకారం వచ్చాక ఆ ఆకారాన్ని నెలనెలా నిలబెట్టడానికి పుట్టిన పనిముట్టు అది. నాలుగేళ్లు వదిలేసిన పొదను కిందికి దించడానికి కాదు. ఆ పనికి రెండు వేరే పనిముట్లు కావాలి: ఒక చేత్తో పట్టుకునే చిన్న కొమ్మ కత్తెర, ఒక వంపు తిరిగిన చేతిరంపం. వరుసలో అవి ముందు, పెద్ద కత్తెర చివర.

పెద్ద కత్తెర అలుగులు ఎనిమిది నుంచి పది అంగుళాల పొడవుంటాయి. అంత పొడవు ఎందుకంటే ఒక్క మూతతో లేత చిగుళ్లు పాతిక ముప్ఫై ఒకేసారి తెగాలని. పెన్సిల్ కన్నా లావైనది ఆ అలుగుల మధ్య పెడితే అవి ఒకదానికొకటి దూరం జరుగుతాయి, కొమ్మ వాటి మధ్య అడ్డంగా మడత పడుతుంది. కొన్ని కత్తెరలకు బోల్టు దగ్గర నెలవంక లాంటి చిన్న గాడి ఉంటుంది. ఆకుల మధ్య ఎప్పుడైనా ఒక లావు రెమ్మ అడ్డొస్తే దాన్ని ఆ గాడిలో పెట్టి తెంపాలి. అది కూడా చిటికెన వేలి లావు వరకే. మీరు బొటనవేలంత కొమ్మలు తెంపారు. బొబ్బలు రాకుండా ఎలా ఉంటాయి?

మందారమే ఎందుకు అంత ఘోరంగా చీలిందో తెలుసుకుంటే మీకు బాధ తగ్గుతుంది. గుంటూరు వాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గోంగూర, మందారం ఒకే ప్రజాతి మొక్కలు. గోంగూర ఆకు కూరకైతే, అదే మొక్క కాండాన్ని నీళ్లలో నానబెట్టి గోగునార తీస్తారు. తాళ్లు పేనడానికి పనికొచ్చే ఆ నార మందారం బెరడులోనూ ఉంది. పదునైన అలుగు ఆ నారను కోస్తుంది. పదును లేని అలుగు, లేదా లావు ఎక్కువై జరిగిపోయిన అలుగు, నారను కోయలేక లాగుతుంది. అప్పుడు కొమ్మ లోపలి కర్ర తెగుతుంది, బెరడు మాత్రం పట్టీలా కిందికి ఊడి వస్తుంది. మీరు రాసిన "చీలిపోవడం" అదే. ఆ పట్టీలను చేత్తో లాగేయకండి. ఎక్కడ వరకు ఊడిందో దానికి ఒక అంగుళం కింద శుభ్రంగా మళ్లీ కోయాలి.

ఇప్పుడు పొద లోపలికి వెళ్దాం. అసలు విషయం అక్కడే ఉంది. మీ డ్యురాంటా కంచెను రెండు చేతులతో విడదీసి లోపల చూడండి. బయట ఒక జానెడు మందాన పచ్చటి ఆకు, దాని వెనక చీకటి, ఎండు పుల్లలు, రాలిన ఆకు, సాలెగూళ్లు. ఎండ పైపొరను దాటి లోపలికి పోదు కనుక లోపలి ఆకు రాలిపోయింది. కొమ్మ కొసలో ఉన్న మొగ్గ తన కింది మొగ్గలను ఎదగనివ్వదు. కొస తెంపగానే ఆ అదుపు పోయి, కోత కిందున్న రెండు మూడు మొగ్గలు ఒకేసారి లేస్తాయి. పైపైన పెద్ద కత్తెరతో కొస తీసిన ప్రతిసారీ ఒక రెమ్మ చోట మూడు రెమ్మలు వచ్చి బయటి పొర ఇంకా దట్టమవుతుంది, లోపల ఇంకా చీకటవుతుంది. కొన్నాళ్లకు పొద ఆకుతో కప్పిన బుట్ట అవుతుంది. ఆ బుట్టను రెండడుగులు తగ్గిద్దామని పెద్ద కత్తెర లోతుగా దించితే పచ్చపొర మొత్తం పోయి, లోపలి పుల్లలు బయటపడతాయి. మీకు జరిగింది ఇదే.

దీనికి తోడు మీరు చేసిన నెల మే. మన కృష్ణా, గుంటూరు ఎండల్లో కొన్ని రోజులు 45 డిగ్రీలు తాకుతుంది. నాలుగేళ్లు నీడలో ఉన్న బెరడుకు ఒక్కసారి ఆ ఎండ తగిలితే పడమటి వైపు మాడి పగుళ్లిస్తుంది. అందుకే నేను ఏప్రిల్, మే నెలల్లో పెద్ద కోత ముట్టుకోను. మన దగ్గర పొదలను దించడానికి రెండు అదనులు ఉన్నాయి. ఒకటి తొలకరి పడ్డాక జూన్ రెండో వారం నుంచి జులై వరకు, రెండోది జనవరి చివర, ఫిబ్రవరిలో. మీ గోడ పక్కన మల్లె కూడా ఉంటే దాని లెక్క వేరు. మైలవరం ప్రాంతపు మల్లె రైతులు చలికాలంలోనే నీరు ఆపి, పొదను కిందికి కోసి, వేసవి పూతకు సిద్ధం చేస్తారు. ఇంట్లో మల్లెకూ అదే పద్ధతి.

కాబట్టి ఇప్పుడు అదను మీ చేతిలోనే ఉంది. రెండు మంచి వానలు పడనివ్వండి. తర్వాత వాన తెరిపి ఇచ్చిన ఒక రెండు మూడు రోజులు చూసుకుని, పొద్దున ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదికి ఆపేయండి. తడి కోత మీద వెంటనే వాన పడితే శిలీంధ్రం పట్టే అవకాశం ఎక్కువ.

మందారంతో మొదలుపెట్టండి. పెద్ద కత్తెర ఇంట్లోనే ఉంచండి. మొదట ఎండినవి, విరిగినవి, ఒకదానికొకటి రాసుకునేవి తీసేయాలి. ఇంత వరకు ఆలోచన అవసరం లేదు, చూడగానే తెలుస్తాయి. ఆ తర్వాత పొద మొదలు దగ్గర కూర్చుని భూమిలోంచి ఎన్ని కాండాలు లేచాయో లెక్కపెట్టండి. తొమ్మిది ఉన్నాయనుకుందాం. వాటిలో అన్నిటికన్నా ముదురు, బెరడు గరుకుగా బూడిదరంగు తిరిగిన మూడింటిని ఎంచుకుని రంపంతో భూమికి నాలుగు అంగుళాల ఎత్తులో కోసేయండి. మిగిలిన ఆరింటిని ఈ ఏడాది ఉంచాలి. వచ్చే జూన్‌లో మరో మూడు, ఆ పై జూన్‌లో చివరి మూడు. మూడేళ్లలో పొద మొత్తం కొత్తదవుతుంది, ఒక్క రోజు కూడా మోడులా కనిపించదు.

మందారాన్ని ఒకేసారి మోకాలెత్తుకు కోసేసినా లేస్తుంది, నేనే చేశాను. కానీ అది బలంగా ఉన్న పొదకు. మీ మందారం మే ఎండలో ఆకంతా పోగొట్టుకుని, వేళ్లలో, కాండాల్లో దాచుకున్న ఆహారంతో ఇప్పుడిప్పుడే చిగురిస్తోంది. ఆ నిల్వ ఒకసారి ఖర్చయింది. నెల తిరక్కుండా రెండోసారి అంత కోత పెడితే తట్టుకోలేదు. అందుకే మీ విషయంలో మూడేళ్ల దారే సరైనది, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

ఇక మిగిలిన ఆరు కాండాల పొడవు తగ్గించాలి. ఒక కొమ్మ దగ్గర ఆగి చూద్దాం. మీ కళ్ల ఎత్తులో ఉన్న కొమ్మను ఎడమ చేత్తో పట్టుకోండి. ఆకు రాలిన ప్రతి చోటా చిన్న మచ్చ, దాని పైన గింజంత ఉబ్బు కనిపిస్తాయి. ఆ ఉబ్బే మొగ్గ. రేపు లేచే రెమ్మ ఆ మొగ్గ చూస్తున్న దిక్కుకే పోతుంది. గోడ వైపు, పొద లోపలి వైపు చూసేవి వదిలేసి, ఖాళీ వైపు చూసే మొగ్గను ఎంచుకోండి. దానికి పావు అంగుళం పైన, మొగ్గ ఉన్న వైపు కొంచెం ఎత్తుగా, వెనక వైపు కొంచెం వాలుగా చిన్న కత్తెరతో ఒక్క నొక్కుతో తెంపండి. నీటి చుక్క మొగ్గ మీద నిలవకుండా వెనక్కి జారిపోతుంది. మరీ దగ్గరగా కోస్తే మొగ్గ ఎండుతుంది. రెండంగుళాలు మిగిల్చితే ఆ ముక్క ఎండి, ఎండు కిందికి పాకుతుంది. చిన్న కత్తెరకు ఒక అలుగు పదునుగా, ఒకటి మొద్దుగా ఉంటుంది. పదునైన అలుగు ఉంచుకునే కొమ్మ వైపు, మొద్దుది పారేసే ముక్క వైపు ఉండేలా పట్టుకోవాలి. కోత శుభ్రంగా పడితే చిన్నగా టక్కుమనే చప్పుడు వస్తుంది. కరకరమంటే ఆపి పదును చూసుకోండి.

ఎంత ఎత్తుకు దించాలని అడగలేదు కానీ చెబుతాను. పూజకు పువ్వు కోసేవాళ్ల చేతికి అందేంత. మందారం, నందివర్ధనం మన ఇళ్లలో ఉన్నది అందుకే. నాలుగున్నర, ఐదు అడుగులకు దించితే కొత్త రెమ్మలు అడుగున్నర లేచి పువ్వు ముఖం ఎత్తున పూస్తుంది. ఈ జాతులన్నీ కొత్త రెమ్మ మీదే పూస్తాయి కనుక కోత వల్ల పూలు పోతాయన్న భయం అక్కర్లేదు. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగుతాయి, అంతే.

రంపం గురించి ఒక్క మాట. మణికట్టంత లావు కొమ్మను పై నుంచి నేరుగా కోయకండి. సగం తెగేసరికి అది బరువుకు వాలి, బెరడును కిందిదాకా చీల్చుకుంటూ పడుతుంది. మళ్లీ ఆ నారే. ముందు కింది వైపు మూడో వంతు కోసి, తర్వాత దానికి కొంచెం అవతల పై నుంచి కోయాలి. బరువు పడిపోయాక మిగిలిన ముక్కను మూడో కోతతో తీసేయాలి. ఆ చివరి కోత కాండానికి అంటించి పెట్టకూడదు. కొమ్మ కాండంలో కలిసే చోట మెడ చుట్టూ ముడతలా ఉబ్బు ఉంటుంది. దాన్ని వదిలి దానికి బయటే కోయాలి. గాయాన్ని మూసే కణజాలం అక్కడి నుంచే వస్తుంది.

కోతల మీద పసుపు, పేడ, రంగు, తారు పూయమని చాలామంది చెబుతారు. వద్దు. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల మానులను నిలువునా కోసి, గాయం లోపల ఏం జరుగుతుందో చూశారు. చెట్టు గాయాన్ని మాన్పుకోదు, దాని చుట్టూ గోడ కట్టి లోపలే మూసేస్తుంది, పై పూత కుళ్లును ఆపదు అని ఆయన తేల్చారు. నేను ఒక్క సందర్భంలో మాత్రం పూత వాడతాను. వానాకాలంలో బొటనవేలి కన్నా లావైన కోతలకు కాపర్ ఆక్సీక్లోరైడ్‌ను కొద్ది నీటితో పేస్టులా కలిపి ఒకసారి రాస్తాను. అది కుళ్లును నయం చేయడానికి కాదు, కోత ఆరేలోపు శిలీంధ్రం దిగకుండా. సన్న కోతలకు అదీ అవసరం లేదు.

నందివర్ధనాల పద్ధతి ఇంచుమించు ఇదే, కాకపోతే పాలు కారతాయి. కళ్లలో పడితే మంట, చేతుల మీద దురద, అలుగుల మీద జిగురు. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. అలుగులకు ముందే కొద్దిగా కొబ్బరినూనె రాసుకుంటే పాలు అంటుకోవు. రెండు ఉన్నాయి కనుక ఒకదాన్ని పొదగా దించి, రెండోదాని కింది కొమ్మలు తీసి చిన్న చెట్టుగా వదిలేయమని నా సలహా. తెల్లవారుజామున ఆ చెట్టు కింద నిలబడితే మీకే తెలుస్తుంది ఎందుకు చెప్పానో.

నూరువరహాలను ఈ ఏడాది దాదాపు ముట్టుకోకండి. వాడిన పూగుత్తుల కింద రెండు ఆకుల మేర మాత్రం తెంపండి. దాని బాధ వేరే ఉండొచ్చు. నల్లరేగడిలో నూరువరహాల లేత ఆకు పసుపుబారి, ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తే అది ఇనుము లోపం. నేలలో ఇనుము ఉన్నా సున్నపు గుణం వల్ల వేరుకు అందదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి, సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి. రెండు వారాల తేడాతో రెండు మూడు సార్లు చేస్తే కొత్త ఆకు పచ్చగా వస్తుంది. ఆ తర్వాతే కత్తిరింపు మాట.

ఇప్పుడు డ్యురాంటా కంచె. మీ పెద్ద కత్తెర ఇల్లు దాటి రావాల్సింది దీని కోసమే, అది కూడా రెండో విడతలో. మొదటి విడతలో ముదురు కాండాలను రంపంతో రెండున్నర అడుగులకు దించేయండి. ఇది మొండి మొక్క. వానల్లో మూడు వారాల్లో మోడు నిండా చిగురు పట్టేస్తుంది. కొత్త రెమ్మలు ఆరు అంగుళాలు కాగానే పెద్ద కత్తెరతో సగానికి కోయండి. మళ్లీ ఆరు అంగుళాలు, మళ్లీ సగం. ఇలా మెట్టుమెట్టుగా పైకి తెచ్చుకుంటే అడుగు నుంచి పై దాకా నిండుగా అల్లుకుంటుంది. తొందరపడి మూడున్నర అడుగులకు ఒకేసారి ఎదగనిచ్చి కోస్తే మళ్లీ కింద పుల్లలు, పైన ఆకు.

పెద్ద కత్తెరను చాలామంది రెండు చేతులూ ఊపుతూ వాడతారు. అందుకే గీత వంకరపోతుంది, భుజాలు పట్టేస్తాయి. ఒక పిడిని నడుము దగ్గర కదలకుండా పట్టుకుని, రెండో పిడిని మాత్రమే ఆడించండి. మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా ఉండాలి. అలుగులు కోసే తలానికి సమాంతరంగా, చదునుగా ఉండాలి. మొన దిగితే గుంట పడుతుంది. పక్కలు కింది నుంచి పైకి, తర్వాత పైభాగం. రెండు చివర్లా రెండు వెదురు పుల్లలు పాతి పురికొస బిగించి కట్టుకుంటే పై గీత సరిగ్గా వస్తుంది. కంటి లెక్కతో ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా నాలుగు గజాల కంచెలో రెండంగుళాల తేడా వస్తుంది. పది కోతలకు ఒకసారి గేటు దాకా వెనక్కి నడిచి చూడండి. కింద పాత దుప్పటి పరుచుకుంటే ఏరే పని ఉండదు.

కంచె పాదం వెడల్పుగా, తల సన్నగా ఉండాలి. పై నుంచి కిందికి కొద్దిగా వాలుగా, పక్కకి రెండు మూడు అంగుళాల తేడా చాలు. పైన వెడల్పయితే కింది ఆకు మీద నీడ పడి కంచె మొదలు దగ్గర బోసిపోతుంది. మన ఊళ్లలో చూసే కంచెల్లో పదింట తొమ్మిది తలకిందులుగా, పైన లావుగానే ఉంటాయి. పెద్ద ఆకుల మొక్కలకు, అంటే మందారం, నందివర్ధనాలకు, పెద్ద కత్తెర ఎప్పుడూ వాడకండి. అది ఆకులను సగానికి కోస్తుంది, రెండు రోజులకు ఆ అంచులన్నీ గోధుమరంగు తిరిగి మొక్క జబ్బు పడినట్టు కనిపిస్తుంది. డ్యురాంటా, గోరింట కంచె లాంటి చిన్న ఆకులకే ఆ కత్తెర.

ఇక పదును. కొత్త కత్తెర కదా అనుకోకండి, చాలా వాటికి దుకాణం నుంచి వచ్చేటప్పుడే సరైన పదును ఉండదు. ఒక దినపత్రిక కాగితాన్ని అలుగుల మొన నుంచి మొదలు దాకా కోసి చూడండి. ఎక్కడ నలిగితే అక్కడ పదును లేదు. ఒక విషయం ఇక్కడ చాలా ముఖ్యం. ఈ అలుగుకు ఒక వైపే వాలు ఉంటుంది, రెండో వైపు పూర్తిగా చదును. సైకిలు మీద వచ్చి సాన పట్టేవాళ్లలో కొందరు వంటింటి కత్తికి పట్టినట్టు రెండు వైపులా పట్టేస్తారు. నా మొదటి కత్తెర అలాగే పాడైంది. చదును వైపు అరిగితే రెండు అలుగుల మధ్య సన్నటి సందు వస్తుంది, కాగితం కూడా తెగదు, దాన్ని బాగు చేయడం చాలా కష్టం. అందుకని వాలు వైపు మాత్రమే పట్టమని దగ్గరుండి చెప్పండి, లేదా మీరే చేయండి. గుంటూరు పట్నం బజారులో ఇనుప సామాన్ల దుకాణంలో చదునైన ఆకురాయి దొరుకుతుంది. వాలు ఎంత ఉందో అదే కోణంలో, బోల్టు వైపు నుంచి మొన వైపుకి, ఒకే దిక్కుగా పది పన్నెండు సార్లు లాగండి. వెనక్కి రుద్దకూడదు. తర్వాత చదును వైపు వేలితో తడిమితే సన్నటి గీత లాంటి ఇనుప పొర తగులుతుంది. ఆకురాయిని పూర్తిగా బల్లపరుపుగా ఆనించి ఒక్కసారి లాగితే అది పోతుంది.

బోల్టు బిగువు కూడా చూడాలి. కత్తెర తెరిచి ఒక పిడి పట్టుకుని రెండోదాన్ని వదలండి. టపీమని పడిపోతే వదులు, కదలకపోతే బిగువు. మెల్లగా సగం దిగి ఆగితే సరిగ్గా ఉన్నట్టు. పని అయ్యాక గిన్నెలు తోమే పీచుతో జిగురు రుద్ది, గుడ్డతో తుడిచి, నాలుగు చుక్కల నూనె వేసి పెట్టండి. ఒక మందారం మీద పిండినల్లి ఉంటే దాన్ని చివర కోయండి, మరో పొదకు వెళ్లేముందు అలుగులను స్పిరిట్‌తో తుడవండి. ఆ రెమ్మలను సంచిలో కట్టి బయట పడేయాలి.

నాలుగేళ్ల పొద అన్నారు కనుక ఇది మరిచిపోకండి. చేయి పెట్టే ముందు పొడుగాటి కర్రతో మొదళ్లను తట్టి, రాలిన ఆకును కదిపి, ఐదు నిమిషాలు ఆగండి. మన ప్రాంతంలో నాగుపాము, కట్లపాము, రక్తపింజరి మూడూ ఉన్నాయి, ఎలుకలున్న చోటికి వస్తాయి. కాళ్లకు బూట్లు ఉండాలి, చెప్పులు కాదు. కందిరీగల పట్టు ఉందేమో తలెత్తి చూడండి. ఇంటికొచ్చే కరెంటు తీగ పొద మీదుగా పోతుంటే ఆ వైపు ఇనుప లేదా అల్యూమినియం నిచ్చెన వేయకండి. పిగిలిపిట్ట గూడు కనిపిస్తే ఆ ఒక్క కొమ్మను నెల రోజులు వదిలేయండి. గుడ్లు పొదగడానికి రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి ఇంచుమించు మరో రెండు వారాలు. మీ పక్కింటి గోడ మీదుగా గన్నేరు వాలిందని రాశారు. దాన్ని కోయడం తేలికే, కానీ ముక్కలను మేకలకు వేయొద్దు, తగలబెట్టొద్దు. ఆకూ విషమే, పొగా విషమే. డ్యురాంటా పండ్లు కూడా పిల్లల నోట్లోకి పోకూడదు.

గేటు లోపల మూలన కోన్ ఆకారంలో ఒక తూజా కూడా ఉందని చివర్లో ఒక మాట అన్నారు. దానికి మాత్రం పైన చెప్పినదేదీ వర్తించదు. నేను పని నేర్చుకున్న తొలి ఏళ్లలో విజయవాడ పటమటలో ఒకరి ఇంటి ముందు తూజాను, దారికి అడ్డం వస్తోందంటే, ఒక పక్క అడుగు లోతు కోసేశాను. లోపలి గోధుమరంగు కర్ర బయటపడింది. ఆ పక్క మళ్లీ చిగురు వేయలేదు. ఆరేళ్ల తర్వాత ఆ చెట్టును తీసేసే రోజు దాకా ఆ పక్క అలాగే ఉంది. ఆ ఇంటావిడ ఒక్క మాట అనలేదు, కానీ నేను వెళ్లినప్పుడల్లా అది నాకు కనిపించేది. తూజాకు ఆకు లేని కర్ర నుంచి కొత్త చిగురు రాదు. పచ్చ పొరలోనే, కొసలు మాత్రమే తీయాలి. అది పెరిగిపోయిందంటే అలాగే ఉంచుకోవాలి, లేదా తీసేయాలి.

కోత తర్వాత అందరూ చేసే పొరపాటు నీళ్లు ఎక్కువ పోయడం. ఆకు సగం పోయిందంటే మొక్క తాగే నీరు కూడా సగం తగ్గింది. గుంటూరు నల్లరేగడి తడిని రోజుల తరబడి పట్టి ఉంచుతుంది. మీరు జాలితో రోజూ పోస్తే వేరు కుళ్లుతుంది, పైన చిగురు వాడితే నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తారు. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో పెట్టి, పొడిగా ఉంటేనే పోయండి. ఒక్కో పొదకు ఒక తట్టెడు చివికిన పశువుల ఎరువు కాండానికి అడుగు దూరంలో వేసి, మీద రెండంగుళాల మందాన ఎండుటాకు కప్పండి. యూరియా ఈ సీజన్లో వద్దు, లేత రెమ్మలు పొడుగ్గా సాగి పేనుబంకను పిలుస్తాయి.

ఆరు వారాలకు ప్రతి కోత కింద ఐదారు చిగుళ్లు గుమిగూడి ఉంటాయి. బయటికి చూసే రెండు ఉంచి మిగతావి వేలితో తోసేయండి. ఆ వయసులో కత్తెర అక్కర్లేదు, గోరు తగిలితే ఊడతాయి.

ఒక్క పని మాత్రం కోసిన రోజే చేయాలి. ముద్దమందారం మన దగ్గర సాధారణంగా గింజ కట్టదు, కొమ్మతోనే వంశం. కోసి పారేసే రెమ్మల్లో పెన్సిల్ లావున్నవి ఏరి, ఆరేడు అంగుళాల ముక్కలు చేయండి. కింది కోత కణుపుకు సరిగ్గా దిగువన పడాలి, పై రెండు ఆకులు ఉంచి మిగతావి తుంచాలి. ఆ రెండూ పెద్దవైతే సగానికి కోయాలి. ఇసుక, ఎరువు సగం సగం కలిపిన కుండీలో మూడు అంగుళాలు దిగేలా గుచ్చి, చెట్టు నీడన పెట్టి, తడి ఆరకుండా చూడండి. పన్నెండు గుచ్చితే ఆరు నిలబడతాయి. ఐదారు వారాలకు కొత్త ఆకు వేసిందంటే వేరు పోసినట్టే. మూడు పొదల్లో ఏ ఒక్కటి ఈ వానలు దాటకపోయినా, మీ అమ్మగారు నాటిన అదే మందారం మీ కుండీలో ఉంటుంది.